తహినాస్తే రోహో హైదరాబాద్ మేడ మీద పూస్తుందా?

తహినాస్తే రోహో అనే పూలమొక్క విత్తనాలు తెప్పించుకున్నారు, కుండీలో వేస్తే ఫొటోలో ఉన్నట్టు ఎర్రగా నిలబడుతుందా అని మీ ప్రశ్న. మొలవడానికి మొలుస్తుంది. పూత మీద మాత్రం ఆశ పెట్టుకోకండి.

దీని శాస్త్రీయ నామం ఎఖియం వైల్డ్‌ప్రెటీ. పుట్టిల్లు స్పెయిన్‌కి చెందిన కానరీ దీవుల్లోని టెనెరిఫె. 3,715 మీటర్ల తేయిదే అగ్నిపర్వతం చుట్టూ, దాదాపు 2,000 మీటర్ల ఎత్తున లావా గుల్లరాయిలో పెరుగుతుంది. అక్కడ పడే కాస్త వానా మంచూ చలికాలంలోనే. ఎండాకాలమంతా పొడి, రాత్రిళ్లు చల్లన. మొదటి ఏడు వెండి నూగు ఆకులు నేలకి కరుచుకుని గుత్తిగా ఉంటాయి. మరుసటేడు మే, జూన్‌లలో నడిమొవ్వు లేచి, ఒక్కోసారి 3 మీటర్ల దాకా, పగడం రంగు పూలతో నిండిపోతుంది. తేనెటీగలు దాన్ని వదలవు. గింజ కట్టాక మొక్క చచ్చిపోతుంది, దానికి మందు లేదు.

మన లెక్క సరిగ్గా తలకిందులు: ఏప్రిల్, మేలలో రాత్రి కూడా ఉడుకు, జూన్ నుంచి ముసురు. నూగు ఆకుల మధ్య నీళ్లు నిలిచి మొవ్వు కుళ్లుతుంది. పైకి ఆకులు బాగానే ఉంటాయి, పట్టుకుని లాగితే ఊడి చేతిలోకి వస్తాయి.

అయినా వేస్తానంటే అక్టోబరు చివర వేయండి. ఎర్రమట్టి, ముతక ఇసుక, నలగ్గొట్టిన ఇటుక ముక్కలు సమపాళ్లలో కలపండి. కొబ్బరి పొట్టు వద్దు. ఏ మొక్కకైనా కొబ్బరి పొట్టు, వర్మీకంపోస్టు అని చెప్పే వీడియోలు ఇలాంటి మొక్కల్ని చాలానే చంపాయి. గింజ మీద 3 మిల్లీమీటర్ల ఇసుక చాలు, రెండు నుంచి నాలుగు వారాల్లో మొలుస్తుంది. తల్లివేరు లోతుకు దిగుతుంది కాబట్టి నాలుగైదు ఆకులకే అడుగు లోతు కుండీలోకి మార్చేయండి, ముదిరాక కదిలిస్తే బతకదు. మట్టి పైన రెండంగుళాలు ఆరాకే నీళ్లు, అవీ మొక్క మొదలు దగ్గరే. మొవ్వులో పోయొద్దు. వానాకాలం రేకు కింద, గాలి ఆడేచోట పెట్టండి.

లంబసింగిలో చలి ఉంది కదా అంటారు. చలి ఉంది, వానా ఉంది. అక్కడా రేకు తప్పదు.

ఆకుల నూగు చర్మానికి గుచ్చుకుని దురద పెడుతుంది, తొడుగులు లేకుండా ముట్టుకోకండి.