పదకొండోసారి ఏం మారింది?

మల్లేశ్వరం, బెంగళూరు

అమ్మాయీ,

పిల్లల కోసం నువ్వు రాసి పంపిన కథ రెండుసార్లు చదివాను. సెల్లారు స్తంభాల మధ్య సైకిలు, గీరుకుపోయిన మోచెయ్యి బాగున్నాయి. ఆ తర్వాతే కోపమొచ్చింది. ఏడేళ్ళ పిల్ల పదిసార్లు పడింది, తాతగారు "పట్టుదల ఉంటే కానిది లేదు" అన్నారు, పదకొండోసారి తొక్కేసింది. ఎలా? అక్కడ మూడు చుక్కలు పెట్టి ఊరుకున్నావు. నాకు కావలసిన కథంతా ఆ చుక్కల్లోనే ఉండిపోయింది. ఇది విన్న పిల్ల మర్నాడు పన్నెండోసారీ పడి, తనకి పట్టుదల లేదు కాబోలనుకుంటుంది.

అసలెందుకు పడుతోంది? చూపు ముందు చక్రం మీదుంది. ఎడమకి ఒరిగితే భయపడి హ్యాండిల్ కుడికి తిప్పుతోంది. ఒరిగిన వైపే కాస్త తిప్పితే చక్రాలు ఒంటి బరువు కిందికొచ్చి సైకిలు నిలబడుతుంది. పక్క చక్రాలు బిగిస్తే ఒరగడమే ఉండదు గనక ఆ విద్య అబ్బదు. విప్పిన రోజు మళ్ళీ మొదటికే. పాదాలు రెండూ నేలకి పూర్తిగా ఆనేలా సీటు దించాలి. పెడల్స్ విప్పేసి, నేలను తన్నుకుంటూ కొద్దిపాటి వాలులో జారాలి. కాళ్ళెత్తి నాలుగు సెకన్లు పోగలిగాక పెడల్స్ బిగించాలి. ఎడమ పెడల్ మర తిరగబడి ఉంటుంది, అలవాటైన వైపు తిప్పితే ఇంకా బిగుస్తుంది. తాతగారు అక్కడ తంటాలు పడుతుంటే కిటుకు పిల్ల కనిపెట్టనీ. పెద్దవాళ్ళకీ చేతకానిది ఒకటుందని పిల్లలకి తెలియాలి.

పది పడటాలెందుకు, మూడు చాలు. ప్రతిసారీ కారణం వేరుగా ఉండాలి. ఏడుపుని గబగబా తుడిచెయ్యకు. ఒక పేరా ఏడవనీ, సైకిలు గోడకి ఆనించి ఇంట్లోకి పోనీ. చదివి వినిపించే అమ్మ రెండో పడటం దగ్గర ఆగి "ఇప్పుడేం మార్చి చూస్తుంది?" అని అడగడానికి సందు ఉంచు.

మనూళ్ళో పీణ్యాలోని ఇస్రో కేంద్రం నుంచి నడిపిన చంద్రయాన్ సంగతే తీసుకో. 2019 సెప్టెంబరు 7న లాండర్ కూలింది, 2023 ఆగస్టు 23న ఇంకోటి దిగింది. మధ్యలో ఐదు ఇంజన్లు నాలుగయ్యాయి, కాళ్ళు గట్టిపడ్డాయి, ఇంధనం పెరిగింది. దిగే చోటు 500 మీటర్ల చదరం నుంచి 4 కిలోమీటర్ల పొడవు, 2.4 వెడల్పుకి పెరిగింది. దీన్ని కథలో ఇరికించమనడం లేదు, నీ తాతగారి చేత అసలే చెప్పించకు.

అడుగున గీతలు గీసిన పెట్టెలో 'నీతి' లేకపోతే కథ తిప్పిపంపే సంపాదకులున్నారు. ఈ తాతగారు వాళ్ళ కోసమే పుట్టాడని నా అనుమానం. అడిగినా ఇవ్వకు.

బొమ్మల గురించీ పారితోషికం గురించీ అడిగావు, తర్వాత చూద్దాం. ముందు చివరి పేజీలో ఆ బహుమతీ చప్పట్లూ తీసెయ్. స్తంభం చుట్టూ ఒక్క రౌండు చాలు, మలుపులో కాలు నేలకి ఆన్చినా సరే. అన్నట్టు, పెడల్‌కి చాలా సైకిళ్ళలో 15 నంబరు పానా పడుతుంది. నువ్వు స్క్రూడ్రైవరని రాశావు.