పాప పన్ను కంటే ముందు అత్తగారి అంగిలి చూపించండి

ప్రశ్న: డాక్టర్ గారూ, మేం గాజువాకలో ఉంటాం. పాపకి ఏడేళ్ళు, కింద వెనక పన్ను మీద నల్లటి గుంట పడింది. పాలపన్నే కదా, ఊడిపోతుందిలే అని ఊరుకున్నాం, ఇప్పుడు చల్లనివి తగిలితే జివ్వుమంటోందని ఏడుస్తోంది. బాబుకి మూడేళ్ళు, పాలసీసా నోట్లో లేకపోతే నిద్రపోడు. మావారికి 44, స్టీల్ ప్లాంట్‌లో షిఫ్టు డ్యూటీ, షుగర్ ఉంది. బ్రష్ చేస్తే చిగుళ్ళ నుంచి రక్తం వస్తోంది, క్లీనింగ్ చేయించుకోమంటే పళ్ళు కదిలిపోతాయని వినరు. అత్తగారికి 68, నాలుగేళ్ళ కిందట పై పళ్ళసెట్టు కట్టించాం, ఈమధ్య సెట్టు కింద మంటగా ఉందంటున్నారు. ఆవిడది శ్రీకాకుళం వైపు ఊరు, అడ్డచుట్ట అలవాటు ఇంకా పోలేదు. ఇంతమందిని తలో ఆస్పత్రికీ తిప్పలేను. మా వీధిలో ఉన్న పళ్ళ డాక్టర్ ఒక్కరే అందరినీ చూడగలరా?
– ఒక గృహిణి, గాజువాక

జవాబు: చూడగలరమ్మా. మామూలు బీడీఎస్ (పళ్ళ వైద్యంలో డిగ్రీ) డాక్టర్ ఇంటిల్లిపాదికీ సరిపోతారు, ఆ సంగతి తర్వాత చెబుతాను. ముందు మీరు రాసిన వరుస తిరగేయాలి. పాపతో మొదలుపెట్టి అత్తగారిని ఆఖర్న రాశారు, అదీ సెట్టు బాగా లేదన్నట్టు. నేనైతే మీ ఇంట్లో మొదట చూసేది ఆవిడ నోరే, అదీ ఈ వారంలోనే.

అడ్డచుట్ట అంటే నిప్పు వైపు నోట్లో పెట్టుకుని కాల్చడం అని మన ఉత్తరాంధ్ర వాళ్ళకి చెప్పక్కర్లేదు, వేరే రాష్ట్రం డాక్టర్లకి చెబితే మాత్రం ఒక పట్టాన నమ్మరు. ఆ వేడీ పొగా నేరుగా తగిలేది అంగిలికి. మామూలుగా అంగిలికి క్యాన్సర్ రావడం అరుదు, అడ్డపొగ తాగేవాళ్ళలో మాత్రం అది ఎక్కువగా అక్కడే వస్తుంది. శ్రీకాకుళం జిల్లా పల్లెల్లో 10,169 మంది నోళ్ళు పరీక్షించి, అంగిలి మీద వచ్చే మార్పుల గురించి రాసిన పరిశోధన 1971లోనే అచ్చయింది. అంటే యాభై ఏళ్ళ పైబడి తెలిసిన విషయం. అయినా ఇప్పటికీ మన ఇళ్ళల్లో "పెద్దావిడ, అలవాటు పడ్డ ప్రాణం, ఇప్పుడేం మానుతుంది" అనే అంటాం.

ఇక్కడ ఇంకో చిక్కుంది. పై సెట్టు అంగిలిని మొత్తం కప్పేస్తుంది కాబట్టి కింద ఏ మచ్చ వచ్చినా ఎవరికీ కనబడదు, మంట పుడితే తప్పంతా సెట్టు మీదకి పోతుంది. నిజంగా సెట్టు వదులై రాసుకుంటూ ఉండొచ్చు, రాత్రిళ్ళు తీయకుండా పడుకుంటే పట్టే ఫంగస్ కూడా అయ్యుండొచ్చు, అది చాలా మామూలు. కానీ చూడకుండా అనుకోకూడదు కదా. ఈ రాత్రే సెట్టు తీయించి, తల వెనక్కి వాల్చమని, ఫోన్ టార్చి వేసి చూడండి. అంగిలి తెల్లగా మందంగా మారిందా, అందులో ఎర్ర చుక్కలున్నాయా, ఎక్కడైనా పుండు గానీ కండ లేచినట్టు గానీ ఉందా. తెల్లదనం, ఎర్ర చుక్కలు చుట్ట మానేస్తే చాలామందిలో తగ్గుముఖం పడతాయి. రెండు వారాలైనా మానని పుండు, విడిగా కనిపించే ఎర్ర మచ్చ, వేలితో నొక్కితే గట్టిగా తగిలే చోటు ఉంటే మాత్రం బయాప్సీ చేయాలి, అంటే చిన్న ముక్క తీసి పరీక్షకి పంపడం. ముక్క తీస్తే జబ్బు పాకిపోతుందన్నది ఒట్టి మాట, ఆ భయంతో నెలలు పోగొట్టుకున్నవాళ్ళని చూశాను. పెద్దాస్పత్రి అవసరమే పడితే అగనంపూడిలో హోమీ భాభా క్యాన్సర్ ఆస్పత్రి మీకు దగ్గరే. మీ కంటికి ఏమీ కనబడకపోయినా సరే, ఒకసారి డాక్టర్‌కి చూపించండి. అంగిలి చూడకుండా కొత్త సెట్టుకి కొలతలు తీయించొద్దు.

ఆవిడకి ఎముకల బలానికని ఇంజెక్షన్లు గానీ వారానికొకటి వేసుకునే మాత్రలు గానీ నడుస్తుంటే అదీ ముందే చెప్పండి, వాటిలో కొన్ని వాడేవాళ్ళకి పన్ను తీస్తే దవడ ఎముక సరిగా మానకపోవచ్చు. చుట్ట మానమని కోడలు చెబితే ఏ అత్తగారూ వినరు, ఆ పని డాక్టర్‌కి వదిలేయండి. నేను చేసేది ఒకటే, చేతికి అద్దం ఇచ్చి ఎవరి అంగిలి వాళ్ళకే చూపిస్తాను, ఉపన్యాసం కంటే అది బాగా పనిచేస్తుంది.

ఇప్పుడు పాప సంగతి. పాలపన్ను అని మీరెలా తేల్చారు? పాపని నోరు తెరవమని, కింద ముందు పళ్ళ మధ్య నుంచి ఆ పక్కకి లెక్కపెట్టండి. ఒక్కో పక్క పాలపళ్ళు ఐదే ఉంటాయి. నల్లబడ్డది ఆరోది అయితే అది పాలపన్ను కాదు, జీవితాంతం ఉండాల్సిన దవడ పన్ను. ఆరేళ్ళప్పుడు ఏ పన్నూ ఊడకుండానే చివర్న చడీచప్పుడూ లేకుండా వచ్చేస్తుంది, అందుకే నూటికి తొంభై ఇళ్ళల్లో (లెక్క కాదు, నా విసుగు) పాలపన్ను కిందే జమకడతారు. వచ్చిన కొత్తలో దాని వేరు ఇంకా పూర్తిగా తయారై ఉండదు, పుచ్చు లోపలి నరం దాకా పోతే వైద్యం చిక్కవుతుంది. ఇప్పుడైతే ఫిల్లింగ్‌తో పోవచ్చు.

ఒకవేళ ఐదోదే అయినా ఊరుకోవడానికి లేదు. ఆ పాలపన్ను పదీ పన్నెండేళ్ళ దాకా ఉండాలి. ముందే తీయించేస్తే వెనక పన్ను ముందుకి జరిగి, కింద నుంచి వచ్చేదానికి చోటుండదు, రేపు వంకర పళ్ళకి క్లిప్పులు వేయించాల్సి వస్తుంది. పనిలో పనిగా మిగతా దవడ పళ్ళ గాడుల్లో సీలెంట్, అంటే పుచ్చు పట్టకుండా గాడుల్ని మూసే పూత, పూయమని అడగండి, నొప్పి లేని పని, ఇంజెక్షన్ ఉండదు.

బాబుకి సీసా మాన్పించాల్సిందే. నిద్రలో లాలాజలం తగ్గిపోతుంది, నోట్లో నిలిచిన పాలు రాత్రంతా పళ్ళకి అంటుకునే ఉంటాయి, చక్కెర వేస్తే మరీను. పై పెదవి ఎత్తి చూడండి, చిగురు పక్కన సుద్దలాంటి తెల్ల గీత ఉంటే పుచ్చు మొదలవుతోందన్నమాట, ఆ దశలో పళ్ళని గట్టిపరిచే ఫ్లోరైడ్ వార్నిష్ పూస్తే ఆగొచ్చు. ఒక్కసారిగా మానడు కాబట్టి కొద్దికొద్దిగా పాలలో నీళ్ళు కలుపుతూ చివరికి ఉత్త నీళ్ళకి తీసుకురండి, వారం పది రోజులు మీకు నిద్ర ఉండదు, తప్పదు. ట్యూబు మీద ఫ్లోరైడ్ సుమారు 1000 పీపీఎం అని రాసి ఉన్న పేస్టు బఠాణీ గింజంత చాలు, మూడేళ్ళ లోపు వాళ్ళకైతే బియ్యపు గింజంత. బ్రష్ మాత్రం మీరే చేయండి. పాపకి కూడా ఇంకో ఏడాది మీ చెయ్యి పడాలి.

తీపి మొత్తం మానేయమని చెప్పను, మాడుగుల హల్వా ఇంట్లో పెట్టుకుని తినొద్దంటే వినేదెవరు? భోజనంతో పాటు ఒకేసారి పెట్టేయండి. అదే ముక్క సాయంత్రం దాకా కాస్త కాస్త కొరుక్కుంటూ తింటేనే పళ్ళకి చేటు.

మీవారికి ఈ మాట చదివి వినిపించండి: క్లీనింగ్ పళ్ళని కదిలించదు. గార పట్టి, చిగురు కింద ఎముక కరిగి, అప్పటికే కదులుతున్న పన్నుని ఆ గారే సిమెంటులా పట్టుకుని ఉంటుంది. అది తీసేశాక అసలు పరిస్థితి బయటపడుతుంది, సందులు తెలుస్తాయి, నింద మా మీద పడుతుంది. షుగర్ ఎక్కువగా ఉంటే చిగుళ్ళ జబ్బు ముదురుతుంది, చిగుళ్ళలో చీము ఉంటే షుగర్ ఒక పట్టాన అదుపులోకి రాదు, రెండూ ఒకదాన్నొకటి ఎగదోస్తాయి. మూడు నెలల సగటు షుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీ రిపోర్టు వెంట పట్టుకెళ్ళమనండి. టిఫిన్ తిని, మాత్ర వేసుకుని ఉదయం పూట వెళ్ళాలి, ఖాళీ కడుపుతో కాదు. రక్తం పలచబడే మాత్రలు వాడుతుంటే సొంతంగా ఆపొద్దు. ఇంకొకటి, సీ షిఫ్టు (రాత్రి డ్యూటీ) వాళ్ళు నన్ను తరచూ అడిగేది, రాత్రి బ్రష్ ఎప్పుడు చేయాలని: డ్యూటీకి వెళ్ళే ముందు కాదు, తిరిగొచ్చి పడుకోబోయే ముందు.

ఇక మీ వీధి డాక్టర్. ఫిల్లింగులు, క్లీనింగ్, సెట్టు, మామూలు రూట్ కెనాల్ ఆయనే చేస్తారు. పాప పన్ను లోతుగా ఉన్నా, మీవారి చిగుళ్ళకి ఆపరేషన్ కావాల్సినా స్పెషలిస్టుల్ని తన క్లినిక్‌కే పిలిపించడం వైజాగ్‌లో మామూలే, ఏ రోజు వస్తారో కనుక్కోండి. ఇంటి డాక్టర్ ఒకరే ఉంటే లాభమేంటంటే, ఎవరికి షుగర్, ఎవరికి చుట్ట, ఏ ఎక్స్‌రే ఎప్పుడు తీశారు అన్నీ ఒకచోట ఉంటాయి. వెళ్ళగానే పరికరాలు ఆటోక్లేవ్‌లో (ఆవిరితో క్రిముల్ని చంపే యంత్రం) పెడతారా అని మొహమాటపడకుండా అడగండి, చూపించమన్నా తప్పులేదు. ఖర్చు భారమైతే డెంటల్ కాలేజీల్లో తక్కువలో అయిపోతుంది, రుషికొండలో గీతం, సంగివలసలో అనిల్ నీరుకొండ ఉన్నాయి, కాకపోతే గాజువాక నుంచి అంటే ఊరికి ఈ కొస నుంచి ఆ కొసకి, ఒక పూట పోతుంది.

అందరి గురించీ రాశారు గానీ మీ పళ్ళ గురించి ఒక్క ముక్క లేదు. అత్తగారిని తీసుకెళ్ళిన రోజే మీరూ కుర్చీలో కూర్చోండి, పది నిమిషాల పని.