అకామా (నివాస అనుమతి) గడువున్నా కువైట్‌లో ఇంటి పనివాళ్లను ఎందుకు పట్టుకుంటారు?

అకామాలో గడువు మిగిలి ఉన్నా, కఫీల్ (వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న యజమాని) ఇల్లు వదిలి బయట పని చేస్తే కువైట్ చట్టం ప్రకారం అది నేరమే. ఇంటి పనివాళ్లకు ఇచ్చేది 20 నంబర్ వీసా. దానితో ఉండే హక్కు ఆ ఒక్క కఫీల్‌కే ముడిపడి ఉంటుంది. పారిపోయారని అతను ఫిర్యాదు చేస్తే అకామా రద్దు కావచ్చు, ఆ సంగతి పనిమనిషికి తెలియకపోవచ్చు కూడా.

ఉదాహరణకు, జగిత్యాల నుంచి వెళ్లిన ఒకామె జీతం ఇవ్వడం లేదని ఇల్లు వదిలి, నాలుగిళ్లలో పార్ట్‌టైమ్ చేస్తోందనుకుందాం. వలస కార్మికులు ఎక్కువగా ఉండే జలీబ్ ప్రాంతంలో తనిఖీ జరిగితే ఆమె మన ఊళ్లలో అనే 'ఖల్లివెల్లి' (కఫీల్‌ను వదిలి అక్రమంగా ఉంటున్నవాళ్లు) కిందికే వస్తుంది. వేలిముద్రలు తీసుకుని పంపించేస్తే మళ్లీ కువైట్ వెళ్లడం దాదాపు అసాధ్యం. జీతం బాకీ ఎగ్గొట్టినవాడు మాత్రం చాలాసార్లు హాయిగా ఉంటాడు.

చాలామంది పొరపాటు పడేది క్షమాభిక్ష దగ్గర, అంటే అక్రమంగా ఉన్నవాళ్లను శిక్ష లేకుండా ఇంటికి వెళ్లనిచ్చే అవకాశం దగ్గర. 2018లో, 2024లో ఇచ్చారు కాబట్టి మళ్లీ ఇస్తారని ఆగుతారు. అది హక్కు కాదు, ప్రభుత్వం ఇష్టం. పాస్‌పోర్ట్ కఫీల్ దగ్గరుంటే ఏమీ చేయలేమన్నదీ తప్పే. 2015 నాటి 68వ నంబర్ చట్టం ప్రకారం పనిమనిషి ఒప్పుకోకుండా అతను దాన్ని ఉంచుకోకూడదు. ఇల్లు వదలక తప్పకపోతే నేరుగా భారత రాయబార కార్యాలయానికి వెళ్లాలి, ఇంకో ఇంటికి కాదు.