ఎడమ పెడల్ ఊడి రావడం లేదా? ఏ వైపు తిప్పుతున్నారో చూసుకోండి

ప్రశ్న: అన్నా, మాది కొత్తపట్నం. ఇంట్లో రెండు సైకిళ్లున్నాయి, మా నాయన తొక్కిన పాత నల్ల సైకిలొకటి, పాప గేర్ సైకిలొకటి. మా వీధిలో రిపేరు చేసే ఆయన పని మానేశాడు, ప్రతిదానికీ ఒంగోలు తీసుకుపోలేక నేనే విప్పుదామని కూర్చున్నా. పాప సైకిలు కుడి పెడల్ స్క్రూ పానాతో వచ్చేసింది గానీ ఎడమది ఎంత బలం పెట్టినా కదల్లేదు, పైగా పానా జారి మూలలు అరిగిపోయాయి. ఆన్‌లైన్‌లో 46 ముక్కల టూల్ బాక్స్ కనిపించింది, కొనమంటారా?

జవాబు: కొనొద్దు. అలాంటి డబ్బాల్లో ఉండేవి చాలావరకు చిన్న సాకెట్లు, స్క్రూడ్రైవర్ ముక్కలే. ఆ సాకెట్లు ఎక్కువగా 14 నంబరుతో ఆగిపోతాయి, మీ పెడల్‌కి కావాల్సింది 15. ఒకవేళ 15 ఉన్నా పెడల్ దగ్గర సాకెట్ దూరదు.

మీ పెడల్ రాకపోవడానికి బలం చాలక కాదు, మీరు దాన్ని ఇంకా బిగించారు! ఎడమ పెడల్‌కి మర ఉల్టాగా ఉంటుంది, తొక్కుతుంటే దానంతటది ఊడిపోకుండా అలా పెడతారు. విమానం ఎగరేసిన రైట్ సోదరులు అంతకుముందు సైకిళ్ల షాపు నడిపినవాళ్లే, 1900లో తమ సైకిళ్లకు ఇలాంటి ఎడమ మరే పెట్టారు. కుడి ఎడమల గొడవ లేకుండా గుర్తుంచుకోవాలంటే, పానాని పెడల్ మీద నిటారుగా పైకి నిలబెట్టి వెనక చక్రం వైపు లాగండి, ఏ పెడలైనా వదులవుతుంది. 15 నంబరు పానా కొనేటప్పుడు పలచగా, పొడుగ్గా ఉండేది అడగండి, ఎందుకంటే మామూలు పానా మందం పెడల్‌కీ క్రాంకుకీ (పెడల్ బిగించే కడ్డీ) మధ్య సందులో పట్టకపోవచ్చు. కొన్ని పెడళ్లకి పానా పట్టే చోటే ఉండదు, క్రాంకు వెనక నుంచి 6 లేదా 8 నంబరు అలెన్ కీ (ఆరు పలకల L ఆకారపు కడ్డీ) పెట్టి తిప్పాలి. మీరు అరగదీసిన పెడల్ ఎలాగూ మార్చాల్సిందే కాబట్టి ఆకురాయితో రెండు పక్కలా చదును చేసి పైపు పానాతో పట్టుకోండి. మీది సముద్రం ఒడ్డు, ఉప్పు గాలికి మరలు పట్టేసి ఉంటాయి, ముందురోజు రాత్రే తుప్పు వదిలించే స్ప్రే కొట్టి వదిలేయండి.

నాయన సైకిలు క్రాంకుకి కాటర్ పిన్ ఉంటుంది, అంటే క్రాంకుని మధ్య ఇరుసుకి పట్టి ఉంచే ఇనుప మేకు. దాన్ని తీయడానికి ప్రత్యేకమైన టూల్ లేకపోయినా జరుగుతుంది, ఒక మంచి బరువైన సుత్తి, నేల నుంచి క్రాంకు దాకా వచ్చే ఇనుప పైపు ముక్క చాలు. నట్టు పూర్తిగా తీసేయొద్దు, పిన్ కొసతో సమానంగా వచ్చేదాకా వదులు చేసి, పిన్ తల పైపు బొక్కలోకి దిగేలా క్రాంకుని పైపు మీద ఆనించి, ఒక్కటి గట్టిగా వేయండి. కింద ఆనించకుండా కొడితే ఆ దెబ్బంతా లోపలి బేరింగ్ బాల్స్ మీద పడుతుంది, టకటకా చిన్న దెబ్బలు పది కొడితే పిన్ వంగి కూర్చుంటుంది. వచ్చిన పిన్ పారేసి కొత్తది వేసుకోండి.

పాప సైకిలుకి సుత్తి పనికిరాదు, క్రాంకు పుల్లర్ (క్రాంకు మరలోకి ఎక్కించి దాన్ని ఇరుసు నుంచి బయటికి లాగే టూల్) కావాలి. నేను దీంతోనే దెబ్బతిన్నాను. బోల్టు తీశాను గానీ దాని వెనక వాషర్ లోపలే ఉండిపోయింది, చూసుకోలేదు, పుల్లర్ సగమే ఎక్కింది, తిప్పితే క్రాంకు మరంతా చుట్టుకుని బయటికొచ్చింది. చివరికి బోల్టు లేకుండానే సందులో నాలుగు రౌండ్లు తొక్కితే క్రాంకు ఊడింది గానీ పాడైపోయింది. పుల్లర్‌ని చేత్తోనే చివరిదాకా ఎక్కించి, ఆ తర్వాతే పానా పట్టండి.

ఫ్రీవీల్‌కి (వెనక చక్రానికి ఉండే పళ్ల చక్రం) మాత్రం ఫలానా టూల్ కొనండి అని ఇక్కడి నుంచి చెప్పలేను. మధ్య బొక్కలో చూడండి, రెండు గాట్లుంటే ఒక రకం, నాలుగుంటే ఇంకో రకం, చుట్టూ 12 పళ్లుంటే మరో రకం. చక్రం ఊడదీసి ఒంగోలు తీసుకెళ్లి పెట్టి చూసి కొనుక్కోవడమే మంచిది, సరిగ్గా పట్టని టూల్ గాట్లు కొరికేస్తుంది, ఆ తర్వాత దాన్ని ఎవరూ తీయలేరు. తొక్కిన ప్రతిసారీ అది బిగుసుకుంటూనే ఉంటుంది కాబట్టి చేతి బలం చాలదు. టూల్‌ని ఇరుసు నట్టుతో జారకుండా పట్టించి, వెల్డింగ్ షాపులో బెంచ్ వైస్‌లో బిగించి, చక్రాన్నే స్టీరింగ్‌లా ఎడమకి తిప్పండి. కదలగానే ఇరుసు నట్టు వదులు చేయాలి, మర్చిపోవద్దు.

ప్రశ్న: సైకిలు చైను ఇంట్లో తీయడానికి టూల్ కొనాలా? (కావలి నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: గేర్లు లేని సైకిలైతే అక్కర్లేదు. చైను మొత్తంలో ఒక్క లింకుకి చేప ఆకారంలో క్లిప్పు ఉంటుంది, పట్టకారుతో పక్కకి నెడితే వచ్చేస్తుంది. మళ్లీ పెట్టేటప్పుడు క్లిప్పు మూసి ఉన్న వైపు చైను కదిలే దిక్కుకి ఉండాలి. గేర్ సైకిలుకి చాలావరకు చైన్ కట్టర్ (లింకులోని పిన్‌ని బయటికి నెట్టే టూల్) కావాలి. మళ్లీ అదే పిన్ వాడాలనుకుంటే దాన్ని పూర్తిగా బయటికి నెట్టొద్దు, దాని కొస లింకు అంచులో కొంచెం మిగిలేలా ఆపండి, బయట పడిందంటే తిరిగి ఎక్కించేసరికి పొద్దుగూకుతుంది.