మైలేజీ ఒక్కసారిగా పడిపోయిందా? ఇంజను జోలికి వెళ్లే ముందు చక్రాలు చూడండి

మీ ప్రశ్నలో అసలైన మాటను మీరు చివర్లో, గుర్తొచ్చింది కాబట్టి రాసినట్టు రాశారు. ఏడేళ్ల పెట్రోలు కారు, లీటరుకు 16 ఇచ్చేది ఇప్పుడు పదిన్నర దాటడం లేదు, హెచ్చరిక దీపం ఏదీ వెలగలేదు, ఇదంతా పెట్రోలులో కలుపుతున్న ఎథనాల్ పుణ్యమేనా అని అడిగారు. ఆ తర్వాత, వానల్లో ఊరెళ్లారని, మూడు వారాలు బండి సెల్లారులోనే ఉందని, అంతకుముందు బాగానే నడిచేదని అన్నారు. నేనైతే అక్కడి నుంచే మొదలుపెడతాను. దాదాపు ఇదే నాకూ జరిగింది. ఎథనాల్‌ను తిట్టుకుంటూ రెండు నెలలు పోగొట్టుకున్నాను.

ముందు ఆ ఎథనాల్ లెక్క తేల్చేద్దాం. లీటరు ఎథనాల్‌లో ఉండే శక్తి లీటరు పెట్రోలులో ఉండేదానికంటే సుమారు మూడో వంతు తక్కువ. కాబట్టి ఇరవై శాతం కలిపితే, ఏమీ కలపని పెట్రోలుతో పోల్చినా తేడా ఆరేడు శాతమే. మనం అంతకుముందు పోయించుకున్నది కూడా పది శాతం కలిపినదే. ఆ పది ఇరవై అయితే తగ్గేది మూడు నాలుగు శాతం. బండిని బట్టి ఇంకాస్త తగ్గిందనే అనుకుందాం. అయినా మీ 16 పదిహేను దగ్గర ఆగాలి కానీ పదిన్నరకు ఎందుకు దిగుతుంది? మిగతా నాలుగైదు కిలోమీటర్లను ఇంకేదో తినేస్తోంది.

మాది విజయవాడ. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు వరద వచ్చినప్పుడు మా వీధి కాస్త ఎత్తులో ఉండటంతో నీళ్లు కారు లోపలికి రాలేదు, చక్రాలు మాత్రం సగం వరకు మునిగాయి. హ్యాండ్‌బ్రేకు లాగి ఉన్న బండి వారానికి పైగా అలాగే నిలబడింది. నీళ్లు తీశాక ముందు ఆయిలు పరీక్ష చేయించాను, నీరు కలవలేదన్నారు. తాళం తిప్పితే స్టార్టయింది. చుట్టుపక్కల వాళ్ల బండ్లను లారీల మీద ఎక్కించి తీసుకెళ్తుంటే నేనెంత అదృష్టవంతుణ్ణో అనుకున్నాను. తొలిసారి కదిలించినప్పుడు వెనక ఎడమవైపు నుంచి ‘టక్’మని ఒక చప్పుడు వచ్చింది. పట్టించుకోలేదు.

అప్పటిదాకా 17 ఇచ్చిన బండి అక్టోబరులో ఎంతకు దిగిందో డాష్‌బోర్డు అంకెను నమ్మకుండా నేనే లెక్క కట్టాను. ఒకే బంకు, ఒకే పంపు. నాజిల్ దానంతట అది తొలిసారి ‘క్లిక్’మనగానే ఆపించి, ట్రిప్ మీటరు సున్నా చేశాను. మళ్లీ అక్కడే, అలాగే నింపిస్తే 342 కిలోమీటర్లకు 29 లీటర్లు పట్టింది. అంటే 11.8. ఇంకో ట్యాంకు కూడా చూశాను, ఇంచుమించు అంతే. మీరు ఈ లెక్క కట్టి ఉండకపోతే ముందు అది చేయండి. బంకుకు వెళ్లినప్పుడల్లా ఐదు వందలకు పోయమనే అలవాటు ఉన్నవాళ్లకు మైలేజీ పడిపోయిందనేది ఊహే తప్ప లెక్క కాదు.

తర్వాత నేనూ అందరిలాగే సర్వీసు సెంటరుకు వెళ్లాను. స్పార్క్ ప్లగ్గులు మార్చారు, ఎయిర్ ఫిల్టరు మార్చారు, ఇంజెక్టర్లు కడిగారు. బిల్లు 6,800 రూపాయలు. మైలేజీ 11.9. బండిని జాకీ మీద ఎత్తి ఒక్క చక్రం తిప్పి చూసినవాళ్లు లేరు. ఎయిర్ ఫిల్టరు మారిస్తే మైలేజీ పెరుగుతుందనేది కార్బురేటర్ల కాలం నాటి మాట. ఇప్పటి బండ్లలో ఎంత గాలి లోపలికి వచ్చిందో కొలిచి, దానికి తగ్గట్టే పెట్రోలు వదులుతారు. ఫిల్టరు మూసుకుపోతే బండి లాగడం తగ్గుతుంది, పెట్రోలు తాగడం పెద్దగా పెరగదు. టైర్లలో గాలి సంగతీ అంతే. అమెరికా ఇంధన శాఖ లెక్క ప్రకారం నాలుగు టైర్లలోనూ గాలి ఒత్తిడి సగటున ఒక్కో పీఎస్‌ఐ తగ్గితే మైలేజీలో పోయేది 0.2 శాతం. గాలి సరిగా ఉంచుకోండి, కానీ మూడో వంతు మైలేజీ అక్కడ పోదు.

అసలు సంగతి మా ఇంటి దగ్గరి బంకులో బయటపడింది. అక్కడ పంపుల ముందు కొంచెం వాలు ఉంటుంది. వరుసలో ముందు బండి కదిలితే, బ్రేకు మీద నుంచి కాలు తీస్తే చాలు, నా కారు దానంతట అదే ముందుకు జారేది. ఆ రోజు న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్‌బ్రేకు దించి, కాలు తీసినా అంగుళం కదలలేదు. వెనకవాడు హారన్ కొడుతుంటే దిగి వెనక ఎడమ చక్రం దగ్గర చెయ్యి పెట్టాను. పొయ్యి మీది పెనం దగ్గర పెట్టినట్టే ఉంది. కుడివైపు చక్రం గోరువెచ్చగా ఉంది.

మర్నాడు ఆటోనగర్‌లో ఒక పెద్దాయన దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన బానెట్ తెరవనే లేదు. వెనకవైపు జాకీ పెట్టి ఎత్తి, చక్రాన్ని చేత్తో గట్టిగా తోశాడు. పావు చుట్టు తిరిగి ఆగిపోయింది. “ఇంజను బంగారంలా ఉంది బాబూ, బ్రేకు వేసుకునే తిరుగుతున్నావు ఇన్నాళ్లూ” అన్నాడు. సుత్తితో తట్టి తట్టి చక్రం లోపలి బ్రేకు డ్రమ్ము ఊడదీస్తే లోపల ఎండిన బురద పెళ్లలు పెళ్లలుగా రాలింది. బ్రేకు వేసినప్పుడు డ్రమ్మును ఒత్తి పట్టే లైనర్లు మాడి, గోటితో గీకితే పొడిగా ఊడుతున్నాయి. హ్యాండ్‌బ్రేకు కేబుల్ దాని తొడుగులోనే తుప్పు పట్టి, లాగితే వస్తోంది కానీ వదిలితే వెనక్కి వెళ్లడం లేదు. లోపల నేను దించేది లీవరును మాత్రమే, బ్రేకును కాదు. లైనర్ల సెట్టు, కేబుల్, కూలీ అన్నీ కలిపి 2,600 అయింది.

మీ సెల్లారులో వరద రాకపోయి ఉండవచ్చు. కానీ వానాకాలపు చెమ్మలో మూడు వారాలు హ్యాండ్‌బ్రేకు లాగి ఉంచితే లైనరు డ్రమ్ముకు అతుక్కోవడానికి, పాత కేబుల్ బిగుసుకుపోవడానికి అదే చాలు. పరీక్ష సులభం. ఒక అరగంట నడపండి. చివరి కిలోమీటరు నెమ్మదిగా వచ్చి, వీలైనంత వరకు బ్రేకు తొక్కకుండా ఆపండి. గట్టిగా బ్రేకు వేసి ఆపితే అన్ని చక్రాలూ వేడిగానే ఉంటాయి, ఏమీ తెలియదు. ఒక్కో చక్రం దగ్గర చేతి వెనకభాగం పెట్టి చూడండి, ముట్టుకోవద్దు. ముందు చక్రాలు వెనకవాటికంటే వేడిగా ఉండటం మామూలే. పోల్చాల్సింది ఎడమకూ కుడికీ. ఒకటి రెండోదానికంటే బాగా వేడిగా ఉంటే, లేదా మాడు వాసన వస్తే, దొంగ దొరికినట్టే. ముందు చక్రమైతే డిస్కును ఒత్తి పట్టే కాలిపర్ పిన్నులు గ్రీజు ఎండి బిగుసుకుని ఉండవచ్చు, శుభ్రం చేసి గ్రీజు పెడితే చాలాసార్లు సరిపోతుంది. చెంబుతో నీళ్లు పోసి మాత్రం పరీక్ష చేయకండి, కాలిన డిస్కు మీద చన్నీళ్లు పడితే వంకర పోవచ్చు.

ఎడమ, కుడి చక్రాల వేడి సమానంగా ఉంటే అప్పుడు ఇంజను వైపు వెళ్లండి. అక్కడ నేను మొదట అనుమానించేది థర్మోస్టాట్‌ను, అంటే ఇంజను వేడెక్కేదాకా దాన్ని చల్లబరిచే ద్రవాన్ని (కూలెంట్) రేడియేటర్‌లోకి వెళ్లనివ్వని చిన్న వాల్వును. హైదరాబాదులో మా బావమరిది కారుకు రేడియేటర్ పని చేసిన మెకానిక్, మన ఎండలకు ఇది ఎందుకని దాన్ని పీకి పక్కన పెట్టాడు. ఈ దురలవాటు మన దగ్గర చాలామందికి ఉంది. థర్మోస్టాట్ లేకపోయినా, తెరుచుకునే ఉండిపోయినా ఇంజను తగినంత వేడెక్కదు. ఇంజను ఇంకా చల్లగానే ఉందనుకుని కంప్యూటరు అదనంగా పెట్రోలు వదులుతూనే ఉంటుంది. బావమరిది అవుటర్ రింగ్ రోడ్డు ఎక్కితే ఉష్ణోగ్రత ముల్లు పడిపోయేది. బండి కంప్యూటరులోని అంకెలను చదివే, వెయ్యి రూపాయల లోపు దొరికే ఓబీడీ రీడరు పెట్టి ఫోనులో చూస్తే కూలెంట్ 62 డిగ్రీలు, ఉండాల్సింది 90కి అటూ ఇటూ. మీ బండిలో ముల్లు లేకపోతే ఆ రీడరు కొనడం దండగ కాదు. దీపం వెలగకపోయినా అందులో లోపాలను సూచించే కొన్ని కోడ్‌లు కనిపించవచ్చు. పీ0128 కనిపిస్తే చాలావరకు థర్మోస్టాటే అని అర్థం చేసుకోండి.

పెట్రోలు వాసన వస్తే మాత్రం ఈ పరీక్షలేవీ వద్దు, బండి ఆపేసి మెకానిక్‌నే రప్పించండి. యాక్సిలరేటర్ తొక్కినప్పుడు ఇంజను రొద పెరిగి వేగం పెరగకపోతే క్లచ్ ప్లేట్లు అరిగినట్టు.

నా బండి డ్రమ్ము పని అయ్యాక రెండో ట్యాంకుకు 16.6 ఇచ్చింది. ఆ పోయిన 0.4 కావాలంటే ఎథనాల్ ఖాతాలో రాసుకోవచ్చు. ఇప్పుడు రెండు రోజులకు మించి బండి కదపనప్పుడు హ్యాండ్‌బ్రేకు లాగను. చదునైన చోట ఫస్ట్ గేరులో పెట్టి, చక్రానికి ముందొక ఇటుక, వెనకొక ఇటుక పెడతాను. మీ చక్రాల్లో ఏది వేడెక్కిందో రాయండి, ముందుదా వెనకదా అన్నదాన్ని బట్టి ఏం మార్పించాలో చెప్పగలను.