గాజు నడుమ రంధ్రాన్ని గాలికి వదలకు

చి. అమ్మలుకు,

పెదనాన్న ఆశీస్సులు. ఫైబర్‌లో (వెలుగుతో సమాచారం మోసే గాజు పోగులో) సిగ్నల్ నష్టం తగ్గించే పని నీకు అప్పగించారని మీ నాన్న ఫోన్లో చెప్పాడు. గర్వంగా ఉంది, అంతకు రెండింతలు బెంగగానూ ఉంది. కొత్తగా చేరినవాళ్లు ముందు డ్రా టవర్ (గాజును వేడిచేసి పోగుగా లాగే యంత్రం) మీద పడి వేగం, ఫర్నేసు వేడి అటూ ఇటూ తిప్పేస్తుంటారు. నువ్వు ఆ పని చేయకు. నష్టం ఎక్కడ పుడుతోందో ముందు తేల్చుకో.

కట్‌బ్యాక్ పద్ధతిలో (పొడవాటి ఫైబర్ చివర వెలుగు కొలిచి, మొదలు దగ్గర కత్తిరించి మళ్లీ కొలిచి పోల్చడం) 1250 నుంచి 1650 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం దాకా నష్టపు స్పెక్ట్రం తీయి. ఫైబర్‌ను వదులుగా చుట్టి కొలువు. 1383 దగ్గర మాత్రమే మూపురం లేస్తే అది నీరు. 1625 వైపు మామూలుకంటే నిటారుగా ఎగబాకితే సూక్ష్మ వంపులు. లోపలి మెత్తని పూత సరిగా కుదరలేదన్నమాట, లేదా బాబిన్ మీద బిగువు ఎక్కువైందన్నమాట. వెనక్కి తిరిగొచ్చే వెలుగును బట్టి ఫైబర్ పొడవునా నష్టం చూపే ఓటీడీఆర్‌లో మెట్టు కనిపిస్తే బుడగో, దుమ్ము రేణువో. 1310, 1550 రెండే చూసి ఫైబర్ బాగుందని సంతకం పెట్టేవాళ్లున్నారు. వాళ్లలో నువ్వూ ఒకతివైతే మాత్రం ఊరుకోను.

గాజుకు ముడిసరుకులైన సిలికాన్ టెట్రాక్లోరైడ్, జెర్మేనియం టెట్రాక్లోరైడ్ శుద్ధంగా ఉన్నవే కొనండి. ఇనుము, రాగి ఉన్నాయేమో ప్రతి లాటుకూ చూసుకోండి. అంతకు మించి చెప్పడానికి అక్కడేం లేదు.

ఇప్పుడు అసలు సంగతి. మీది ఓవీడీ (బయటి నుంచి ఆవిరితో గాజు పేర్చే) పద్ధతి కదా. కడ్డీ మీద సూట్ (సన్నని గాజు పొడి) పేరుస్తారు, కడ్డీ లాగేస్తారు, నడుమ రంధ్రం మిగులుతుంది. సుమారు 1000 డిగ్రీల దగ్గర హీలియంలో కలిపిన క్లోరిన్ సూట్ తాలూకు సూక్ష్మ రంధ్రాల్లోకి దూరి, నీటి వల్ల గాజులో చేరే హైడ్రాక్సిల్ అంటే ఓహెచ్‌ను పీకేస్తుంది. తర్వాత 1500 డిగ్రీల దరిదాపుల్లో సింటర్ చేస్తే (వేడితో పొడిని ముద్దగా కలిపేస్తే) పారదర్శకమైన గాజవుతుంది. ఇంతవరకూ అందరూ శ్రద్ధగానే చేస్తారు. తప్పంతా ఆ తర్వాతే. నడుమ రంధ్రం తెరిచి ఉండగానే బ్లాంకును (ఆ గాజు దిమ్మెను) ఫర్నేసులోంచి తీసి, రీడ్రా (మళ్లీ వేడిచేసి సన్నని కడ్డీగా లాగే చోటు) దగ్గరికి తీసుకెళ్లి, వంతు వచ్చేదాకా నిలబెడతారు. గదిలోని గాలి ఆ రంధ్రంలోకి దూరుతుంది. ఎండబెట్టిన గాజు ఉపరితలం తేమ కోసం ఆత్రంగా ఉంటుంది, పట్టుకుంటుంది. రీడ్రాలో రంధ్రం మూసుకుపోగానే ఆ నీరు సరిగ్గా కోర్ (వెలుగు నడిచే లోపలి భాగం) నడిమధ్యన, వెలుగు అన్నిటికంటే దట్టంగా ఉండే చోట, ఇరుక్కుపోతుంది. ఓహెచ్ వంద కోట్లలో ఒక వంతు చాలు, 1383 దగ్గర నష్టం కిలోమీటరుకు సుమారు 0.05 డెసిబెల్ పెరగడానికి. 1550 దగ్గర మొత్తం నష్టమే 0.2కి లోపు ఉండే కాలంలో అది చిన్న సంఖ్య కాదు.

అప్పుడందరూ ఏం చేస్తారో తెలుసా? క్లోరిన్ పెంచుతారు, ఎండబెట్టే సమయం పొడిగిస్తారు. మూపురం మాత్రం కదలదు. ఎందుకు కదులుతుంది, తేమ చేరింది ఆ తర్వాత కదా! సూట్‌గా ఉన్నప్పుడు నీరు ఆ సూక్ష్మ రంధ్రాల గుండా బయటికి పోతుంది. గాజయ్యాక లోపలి నుంచి మెల్లగా వ్యాపించి రావాల్సిందే, దానికి ఓపిక సరిపోదు. కాబట్టి సింటరింగ్‌కు ముందే కింది చివర గాజు బిరడా బిగించు, క్లోరిన్ పని అయ్యాక ఫర్నేసు లోపలే పై చివరా మూసెయ్యి. ఆ బిరడాలు కూడా ఎండబెట్టిన గాజుతోనే చేయించు, తడి గాజుతో మూస్తే ఫలితం సున్నా. గ్యాసులోని తేమ కొలిచే డ్యూ పాయింట్ మీటరు ఫర్నేసు ముఖం దగ్గరే ఉండాలి, సిలిండర్ల గదిలో కాదు. తేమ పీల్చేది మధ్యలోని పైపు జాయింట్లే.

1966లో పరిశోధకులు కావో, హాక్‌హామ్ కిలోమీటరుకు 20 డెసిబెల్ దాకా నష్టం దిగితే చాలు, ఫైబర్ పనికొస్తుందన్నారు. 1970లో అమెరికా గాజు కంపెనీ కార్నింగ్‌లో మౌరర్, కెక్, షుల్ట్జ్ ఆ గీత దాటారు. 1979లో జపాన్‌వాళ్లు 1550 దగ్గర 0.2 అందుకున్నారు. అంతటి గాజును ఇవాళ ఒక్క తెరిచిన రంధ్రం పాడు చేస్తుందంటే నాకు మనసు ఒప్పదు.

నీరు వదిలాక పరిక్షేపణం (గాజులో వెలుగు చెదరడం) పని పట్టు. నష్టాన్ని తరంగదైర్ఘ్యం నాలుగో ఘాతపు విలోమానికి ఎదురుగా గీస్తే వాలు రేలీ పరిక్షేపణం, గీత అక్షాన్ని తాకే చోటు కోర్, దాని చుట్టూ ఉండే గాజు పొర క్లాడింగ్, ఈ రెంటి హద్దులోని లోపాలు. వాలు తగ్గాలంటే డ్రా ఫర్నేసు కింద ఇంకో వేడి గొట్టం పెట్టి ఫైబర్‌ను మెల్లగా చల్లారనివ్వు. వేగం పెంచమని పైవాళ్లు ఒత్తిడి చేస్తారు. రెండు వేగాల దగ్గర తీసిన గీతలు పక్కపక్కన పెట్టి చూపించు. లాగేటప్పుడు పుట్టిన లోపాల్లో హైడ్రోజన్ చేరితే 1383 మళ్లీ లేస్తుంది. అందుకే స్పూళ్లను కొద్ది శాతం డ్యుటీరియం (బరువైన హైడ్రోజన్) కలిపిన నత్రజనిలో ఉంచు. ఓహెచ్ బదులు ఓడీ ఏర్పడి, దాని శోషణ మనం వాడే తరంగదైర్ఘ్యాల బ్యాండు దాటి అవతలకి జరుగుతుంది.

ఇంకొక్కటి, కోప్పడుతున్నాననుకోకు తల్లీ. క్లోరిన్ లైను తెరిచే ముందు హీలియంతో లీకు పరీక్ష చేయకుండా ఎవరినీ ముట్టుకోనివ్వకు. గ్యాస్ అలారం మోగితే ముందు బయటికి పరుగెత్తు, బ్లాంకు పోతే పోయింది. నువ్వు క్షేమంగా ఉండాలి నాకు.

తొలి స్పెక్ట్రం రాగానే పంపు. రంధ్రం ఎప్పుడు, ఎక్కడ మూశారో దాని పక్కనే రాయి.

ఇట్లు,
పెదనాన్న