కురిడికాయ పోలిక కొట్టేశాను

రాజోలు

అమ్మాయ్,

నీ కథ రెండుసార్లు చదివాను. మొదటిసారి గబగబా, రెండోసారి పెన్సిలు పట్టుకుని. లంక రేవులో పడవ ఎక్కబోయి కాలు మాట వినక నీ కథానాయిక, మల్టిపుల్ స్క్లెరోసిస్ (ఎమ్మెస్) అనే నరాల జబ్బున్నావిడ, గట్టుమీదే కూలబడే చోటు బావుంది, దాన్ని ముట్టుకోకు. తంటా అంతా ఎమ్మారై రిపోర్టు వచ్చాకే.

"ఎమ్మెస్ మెదడును తినేసింది, అటకమీది కురిడికాయలా లోపల గలగలలాడుతోంది" అన్నావు. కోనసీమ పిల్లవి, కురిడి గుర్తు రావడం సహజమే. కానీ కురిడిలో నీళ్లు ఇంకిపోయి, గుండు చిప్పను వదిలేసి ఆడుతుంది. మెదడులో తంతు తిరగబడి ఉంటుంది. పదార్థం తగ్గిన మేరకు నీరు చేరుతుంది, మధ్యనున్న గదులు వెడల్పవుతాయి. పోలిక చూడ్డానికి ముద్దుగా ఉంది, విషయం మాత్రం తప్పు. కొట్టేశాను.

ఇంక "తినేసింది" అన్న మాట. ఎంత తింది? మెదడు సుమారు 1,200 మిల్లీలీటర్లు అనుకో. ఏ జబ్బూ లేని పెద్దవాళ్లకు కూడా ఏడాదికి 0.1 నుంచి 0.3 శాతం దాకా తగ్గుతుంది. అంటే దాదాపు అర టీచెంచా. మందు వాడని ఎమ్మెస్‌లో 0.5 నుంచి 1.35 శాతం అని చెబుతారు. తక్కువలో తక్కువ ఓ చెంచా, ఎక్కువలో మూడు. ఆ చెంచాలో అర చెంచా ఎమ్మెస్ లేకపోయినా పోయేదే కదా! నువ్వు మొత్తం రోగం పద్దులో రాసేశావు.

నీ కథానాయికకు 58 ఏళ్లు, జబ్బు మొదలైంది 28లో. ఈ రెండు వయసులకూ లెక్క ఒకటి కాదు. పడుచుతనంలో రోగనిరోధక వ్యవస్థ తన నరాల మైలిన్ పొర మీదే తిరగబడుతుంది, వాపులూ దాడులూ ఎక్కువ, కుదించుకుపోవడంలో రోగం వాటా పెద్దది. ఏళ్లు మీదపడేకొద్దీ ఆ వాటా తగ్గుతూ, వయసు వాటా పెరుగుతూ వస్తుంది. లంక రైతును అడుగు, పోయిన పొలమంతా 1986 వరదే పట్టుకుపోయిందంటాడు. ఆ ముందూ ఆ తర్వాతా ఏటేటా గోదావరి కొరుక్కుతిన్న గట్టు ఊసెత్తడు.

ఇదంతా కథలో ఉపన్యాసంగా పెట్టకు, నీకు దండం పెడతాను. ఆవిడకు ఓ అక్కను పెట్టు. అరవై దాటినావిడ, ఏ జబ్బూ లేదు. పాలు స్టవ్‌మీద పెట్టి మర్చిపోతుంది, మనవడి పేరు పిలవబోయి ముగ్గురి పేర్లు పిలుస్తుంది. చెల్లెలు అది చూసి, తనకు వచ్చినదంతా ఎమ్మెస్ కాదేమోనని మొదటిసారి అనుమానపడాలి. చాలు. పరిశోధకులూ చేసేది అదే, అదే వయసున్న ఆరోగ్యవంతుల కొలత పక్కన పెట్టుకుని, తీసివేత చేస్తారు.

నాలుగో భాగంలో, కొత్త మందు మొదలెట్టాక స్కానులో మెదడు ఇంకా చిన్నదైందని కొడుకు డాక్టరు మీద విరుచుకుపడతాడు. ఘట్టం భేషుగ్గా రాశావు, కోపం మాత్రం తప్పు చోట పడింది. మందుకు వాపు తీసేసరికి మొదటి నెలల్లో కొలత తగ్గినట్టు కనబడుతుంది, అది నష్టం కాదు. రోహిణి కార్తె ఎండలో నీళ్లు తాగకుండా వచ్చి స్కాను తీయించుకున్నా కొలత కాస్త తగ్గచ్చు. మిషను మారినా తేడా వస్తుంది. ఒక్క మనిషికి ఒక్క ఏడాది స్కాను చూసి తీర్పు చెప్పరు. డాక్టరు చేత ఈ మాట రెండు వాక్యాల్లో చెప్పించు, కొడుకు నమ్మకపోయినా ఫరవాలేదు.

నా సంగతీ విను. పోయినేడు మెట్లమీద జారి తలకు దెబ్బ తగిలితే స్కాను తీశారు. "వయసుకు తగ్గ కుదింపు" అని రాసుంది. రెండు రాత్రులు నిద్రపట్టలేదు. డాక్టరు నవ్వి, "మాస్టారూ, తల నెరిసినట్టే ఇదీ" అన్నాడు. ఆ నవ్వు నాకు నచ్చలేదు, ఇప్పటికీ.

తిరగరాసి సంక్రాంతిలోగా పంపు. పదకొండో పేజీ నా దగ్గరే ఉండిపోయింది. మూడు రోజులు వెతికాను, కళ్లజోడు పెట్టెలో మడిచి పెట్టుకున్నానట.

ఆశీస్సులతో,
మాస్టారు